సిస్టర్ కార్డు మీద రెండు చుక్కలు

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం. తాడిపత్రి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో తొమ్మిది హోల్స్ గోల్ఫ్ మైదానం ఉంది. దాన్ని చూసుకోవడం, పోటీల్లో స్కోరు రాయడం నా ఉద్యోగం. బాల్‌ను హోల్‌లో వేయడానికి ఎన్ని దెబ్బలు పడితే అదే స్కోరు, తక్కువ వచ్చినవాళ్ళదే గెలుపు. మా దగ్గర హోల్ చుట్టూ పచ్చటి గడ్డి గ్రీన్లు వెతక్కండి, దొరకవు. తాగే నీళ్ళకే ట్యాంకర్ కోసం చూసే నేల ఇది. హోల్ చుట్టూ ఇసుకలో పాత ఇంజనాయిల్ కలిపి చదును చేస్తాం. దాన్ని బ్రౌన్ అంటారు. దాని మీద బాల్ బద్ధకంగా దొర్లుతుంది.

ఆ యేడు కూడా పక్క ఫ్యాక్టరీ వాళ్ళతో టీమ్ బెస్ట్ బాల్ పోటీ పెట్టారు. మా నలుగురిలో ఒకాయనకు నడుము పట్టేసింది. కాలనీ ఆసుపత్రి నర్సు సుగుణ సిస్టర్ పేరు నేనే చెప్పాను. ఆమె ఆట మొదలుపెట్టి ఆరు నెలలు, పిచ్చి మాత్రం పదేళ్ళది. టీమ్ కెప్టెన్ మేనేజర్ సార్ ముఖం చిట్లించారు. "ఈసారికి సరేలేప్పా. ఉపయోగం లేకుంటే వచ్చే యేడు నుంచి ఆఫీసర్లే ఆడతారు" అన్నారు.

సిస్టర్‌కు చెమటలు పట్టాయి. "నా వల్ల టీము మునిగిపోతాదేమో ఓబులేసన్నా!"

"మునగదు సిస్టర్. నలుగురూ ఎవరి బాల్ వాళ్ళు ఆడతారు. హోల్ అయినాక నాలుగు స్కోర్లలో తక్కువది ఒక్కటే టీము గడిలో రాస్తా. మిగతా మూడూ లెక్కకు రావు. మీది బాగలేదనిపిస్తే బాల్ చేత్తో ఎత్తేసి ఆ హోల్ వదిలేయండి, అంతే."

ధైర్యం చెప్పాననుకున్నాను. ఎంత తప్పు చెప్పానో సాయంత్రానికి గానీ తెలియలేదు.

మైదానాన్ని రెండుసార్లు చుట్టాలి, పద్దెనిమిది హోల్స్. పదిహేడు అయ్యేసరికి సిస్టర్ స్కోరు ఒక్కసారీ టీము గడికి ఎక్కలేదు. సగం హోల్స్‌లో బాల్ ఎత్తేసింది కూడా. అవతలి టీము ఆట ముగించి షామియానా కింద మజ్జిగ తాగుతోంది. ఆఖరి హోల్‌లో మాకు నాలుగు వస్తే గెలుపు. ఐదైతే సమానం, అప్పుడు కప్పు నిరుటి విజేతలైన వాళ్ళ దగ్గరే ఉంటుంది.

మా టీములో మిగతా ఇద్దరి బాల్స్ తుమ్మకంపలోకి పోయాయి. సార్ మూడు షాట్లలో హోల్‌కు నాలుగడుగుల దూరానికి వచ్చారు. సిస్టర్‌కు నాలుగు షాట్లు అయిపోయాయి, బాల్ బ్రౌన్ అంచున ఉంది. ఆమె వంగింది.

"సార్‌ది దగ్గరుండాది కదా. ఈడ నాదెందుకు? ఎత్తుకుంటాండా."

కార్డు చూశాను. హ్యాండిక్యాప్ అంటే తక్కువ ఆట వచ్చినవాళ్ళకు స్కోరులో ఇచ్చే తగ్గింపు. ఏ హోల్‌లో ఎన్ని తగ్గించాలో కార్డు మీద చుక్కలుంటాయి. సార్ చుక్కలు ముందు హోల్స్‌లోనే అయిపోయాయి. సిస్టర్‌కు ఈ హోల్‌లో రెండు చుక్కలు!

ఎటు కొట్టాలో నేను చెప్పకూడదు. కార్డులో ఉన్నది చెప్పొచ్చు. గొంతు చించుకుని అరిచాను.

"ఎత్తొద్దు సిస్టర్! మీకు రెండు చుక్కలుండాయి! ఆరులో వేస్తే నాలుగే!"

"ఏమంటాండావన్నా?"

"రెండు దెబ్బలు మిగిలినాయి తల్లీ, రెండు!"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇసుకలో కాలిగుర్తులు పోయేలా ఇనుప పైపు లాగి దారి చదును చేశాను. ఆమె కొట్టింది. బాల్ మెల్లగా దొర్లి రెండడుగుల ముందే నిలబడిపోయింది. సార్ వంతు. నాలుగడుగులే. బాల్ హోల్ అంచును ముద్దాడి పక్కకు పోయింది. సార్‌కు ఐదు ఖాయం.

అందరూ సిస్టర్ వైపు తిరిగారు. ఇంజెక్షన్ వేసేటప్పుడు పిల్లలతో అనే మాట తనకు తానే చెప్పుకుంది. "ఏం కాదు, ఏం కాదు."

టక్కుమని లోపల పడింది.

ఎగిరి గంతేశాను, కార్డు గాల్లోకి పోయింది! దాన్ని ఏరుకొచ్చి టీము గడిలో నాలుగు వేస్తుంటే అంకె వంకరపోయింది. సార్ సంతకం పెడుతూ, "వచ్చే యేటి లిస్టులో సిస్టర్ పేరు ముందు రాయి ఓబులేసూ. చుక్కలు నేనూ చూసుకోలేదు" అన్నారు.

సిస్టర్ కళ్ళు తుడుచుకుంటూ నా మీదికొచ్చింది. "ఎత్తేయమని పొద్దున చెప్పింది నువ్వే కదన్నా!"

నిజమే. నేనామెకు సగం ఆటే చెప్పాను. ఇప్పుడు కొత్తవాళ్ళకు కార్డిచ్చేటప్పుడు మిగతా సగం ముందు చెబుతాను: నాలుగింటిలో ఏది మంచి బాలో హోల్‌లో పడేదాకా ఎవరికీ తెలియదు, స్కోరు రాసేవాడికి కూడా.