చుక్క కారని జీపు

ఆ రోజుల్లో నన్ను బేరంలో ముంచగలిగినవాడు చేవెళ్లలో ఇంకా పుట్టలేదని నా గట్టి నమ్మకం. పప్పు బస్తాల మీద పాకుతూ పెరిగి, నడకకంటే ముందు బేరం నేర్చినవాణ్ని. మా కిరాణా దుకాణంలో నూనె డబ్బాలు దింపుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. ప్రతి డబ్బానూ పాత పేపరు మీద పెట్టి పొద్దుటిదాకా వదిలేయాలి. మరక పడితే వాపసు, పడకపోతే లోపలికి. బాపు నాకిచ్చిన చదువంతా అదే. (మిగతా చదువు కాలేజీ ఇచ్చింది గానీ, దానితో నేటిదాకా ఒక్క డబ్బా అమ్ముడుపోలేదు.)

ఆ చదువు ధైర్యంతోనే ఒకరోజు, గల్లా ముందు కూర్చోవడం నావల్ల కాదు, పాత ఫోర్‌వీల్ జీపొకటి కొని పూలు పట్నం మార్కెట్టుకు తోలతానని ప్రకటించాను. వాన పడితే పూలతోటల బురదలోకి ఆటోలు దిగవు, నాలుగు చక్రాలూ లాగే బండి దిగుతుంది. బాపు తక్కెడ దించకుండానే తీర్పు చెప్పాడు. "బతుకమ్మ పండుగ అయ్యేదాక ఆ బండి నడిస్తే నీ తొవ్వ నీది. నడుమల ఆగిందా, వచ్చి గల్లా కాడ కూసో. మళ్ల ఈ ముచ్చట ఇంట్ల తియ్యొద్దు."

మొదట మొయినాబాద్‌లో ఒక ముసలి రైతు జీపు చూశాను. దాని కింద నేలంతా మరకలే. దాచడం మాట అటుంచి, ఆయనే వంగి వేలుతో చూపించాడు. "ఈ నల్లటిది ఇంజినుది. గీ చిక్కటిది, కంపుగొట్టేది, డిఫరెన్షియల్‌ది." డిఫరెన్షియల్ అంటే వెనక చక్రాల మధ్య ఉండే పుచ్చకాయంత ఇనుప గుండు. ఇంజిను బలాన్ని రెండు చక్రాలకూ పంచే పళ్లచక్రాలు అందులో నూనెలో మునిగి తిరుగుతాయి. "కారుతది బిడ్డా, దాచుడెందుకు? జర తగ్గినప్పుడల్ల పోసుకుంట పోతె యాడికన్న పోతది."

"తాతా, ఇది జీపా, నూనె గానుగా?" అన్నాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

"గానుగైతె నీకెందుకమ్ముత బిడ్డా? నేనే ఉంచుకుంట."

తర్వాత చూసింది మోకిలలో ప్లాట్ల బేరాలు చేసే మా మామది, అంటే అమ్మ సొంత తమ్ముడిది. కిందిభాగమంతా కొత్త నల్లరంగుతో నిగనిగలాడింది. నేను ఊరుకుంటానా? రాత్రి బండి కింద అట్టముక్కలు పరిచి పొద్దున పోయి చూస్తే పరిచినవి పరిచినట్టే ఉన్నాయి, ఒక్క మరక లేదు. "నా బండి చుక్క కారదు అల్లుడా, ఫికరే వద్దు" అన్నాడు మామ. అయినా వదలకుండా బేరమాడి ఆయన చేత కళ్లనీళ్లు పెట్టించాను. (ఆ బేరం మొత్తంలో కారినవి అవొక్కటే.)

ఊళ్లో ఖాళీగా తిప్పినన్నాళ్లూ జీపు బాగానే నడిచింది. పండుగ ముందురోజు బంతి, చామంతి మూటలు నిండా ఎక్కించి బయల్దేరాను. చేవెళ్ల దాటగానే వెనకనుంచి గుయ్యిమని సన్నని కూత మొదలైంది. పాత బండి పాడుతున్నదనుకుని నేనూ గొంతు కలిపాను. మొయినాబాద్ దగ్గరపడేసరికి మాడు వాసన, కటకటమని చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. పిలవగా వచ్చిన మెకానిక్ కిందికి దూరి, ఆ ఇనుప గుండు పక్కన బోల్టు విప్పి, వేలు పెట్టి తీశాడు.

"అన్నా, ఏలు ఎట్ల పోయిందో గట్లనే వచ్చింది. నూనెను ఆపే సీలు ఎన్నడో పోయింది, నూనెంత ఎన్నడో కారిపోయింది. ఇగ కారనీకి లోపల ఏమున్నది?"

ముందు చక్రాలతోనైనా లాగిద్దామంటే, వాటి గుండూ విప్పి చూశాడు. అదీ ఎడారే. మామ పక్షపాతం తెలిసిన మనిషి కాదు.

ఎండకు పూలు వాడుతుండగా మొయినాబాద్ తాత జీపు వచ్చి ఆగింది. "గానుగ వచ్చింది బిడ్డా, ఎక్కియ్ మూటలు." అది పట్నం దారిలో చుక్కలు పెట్టుకుంటూ పోతుంటే, ఆ చుక్కలనే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం మామను మా దుకాణంలోనే నిలదీశాను. ఆయన చాయ్ ఊదుకుంటూ, "కారుతదా అని అడిగినవ్, కారదన్న. అబద్ధమాడిన్నా? నూనె ఉన్నదా అని అడిగినవా?" అన్నాడు. నేను బాపు వైపు చూశాను. బాపు చక్కెర తూచడం ముగించి, "అడగాల్సింది అడగలేదుర నువ్వు" అని, గల్లా ముందునుంచి కొంచెం పక్కకు జరిగాడు. ఆ జరిగిన చోటు సరిగ్గా నాకు సరిపోయింది.

ఇప్పటికీ సరిపోతూనే ఉంది. మామ వస్తే చాయ్ తెప్పించేది నేనే. బాపు వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు, "మావోడు బంగారం. ఆ జీపు ముచ్చట అయినంక ఒక్కనాడన్న సణిగిండా? నోట్లకెళ్లి ఒక్క మాట బయటికి రాలే." పేపరు మీద పెట్టి చూశాడు కదా, మరక పడలేదు.

మొన్న ఎవరో దుకాణం ముందు పాత జీపు ఆపి వెళ్లారు. నేలమీద అరచేయంత మరక మిగిలింది. మట్టి పొయ్యమని బాపు లోపలనుంచి కేకేశాడు. చేతిలో మట్టి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అదృష్టవంతుడెవడో, వాడి బండిలో ఇంకా నూనె ఉన్నదనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.