కాంగో నదిలో ఎడ్లబండి

ఆ రోజుల్లో నాకు తెలిసిన ప్రపంచమంతా పుస్తకంలోనిదే. అరవై తొమ్మిది ఉద్యమంలో బడులు మూతబడిన ఏడాది జనగామలో ఇంట్లో కూర్చుని అన్నయ్య భూగోళం పుస్తకం కంఠతా పట్టినదాన్ని. ఏ నదిలో ఎంత దూరం ఓడలు పోతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఓడను మాత్రం చూడలేదు. డిగ్రీ అయ్యాక రేగొండ బడిలో టీచరుగా చేరాను. అద్దెగదిలో నాకు తోడు కిరోసిన్ స్టవ్ చప్పుడే. వంట అయ్యాక అదీ ఉండేది కాదు. జనగామకు బదిలీ కోసం అర్జీ పెట్టుకున్నాను. తనిఖీకి వచ్చే సారు ఒక్క మాట రాస్తే పనవుతుందని హెడ్మాస్టరు చెప్పారు.

ఆ వారం పాఠం ఆఫ్రికా నదులు, నౌకాయానం. పిల్లలూ ఓడను చూడలేదు కనుక నేనే ఒక సూత్రం కనిపెట్టాను: మన వాగులాగా ఎండాకాలం ఎడ్లబండి దాటగలిగితే అందులో ఓడ నడవదు. (ఈ తెలివికి నాలో నేనే మురిసిపోయాను.)

తనిఖీ సారు వచ్చి, అంత పెద్ద కాంగో నదిలో సముద్రం నుంచి చాలా దూరం లోపలికి ఓడలు ఎందుకు రాలేవని ముందు బెంచీ పిల్లను అడిగారు. జలపాతాలని చెప్పాలి. ఆ పిల్ల ధీమాగా లేచింది.

"ఎండకాలం అండ్ల బండ్లు పోతయి సార్."

"ఎవరి బండ్లు?"

"ఆడి రైతులయి సార్. ఇసుకల దిగవడితె నలుగురు వట్టి లేపుతరు."

పక్కపిల్ల కూడా లేచి, వాళ్ల బాపు బండిని మొన్న అట్లాగే లేపారని సాక్ష్యం చెప్పింది. నా బదిలీ ఆ ఇసుకలోనే కూరుకుపోయిందనుకున్నాను. సారు మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. ఇంత ధైర్యంగా మాట్లాడే పిల్లలను చుట్టుపక్కల ఏ బడిలోనూ చూడలేదన్నారు.

"నిన్ను ఈడికెల్లి కదిలిస్తే వీళ్లు మళ్ల నోరు మూసుకుంటరమ్మా," అని, హెడ్మాస్టరు ఆయన ముందు పెట్టిన నా అర్జీని మడిచి నా చేతికే ఇచ్చారు.

టీచర్ పోవడం లేదని ఆ సాయంత్రం పిల్లలంతా నా గది దాకా ఊరేగింపుగా వచ్చారు. నవ్వుతూ పంపించి, తలుపు వేసుకుని ఏడ్చాను. ఇప్పుడు మానుకోటలో మా పాపను పడుకోబెట్టి ఇది రాస్తుంటే (మధ్యలో రెండుసార్లు లేచి ఒళ్లు వేడిగా ఉందేమోనని తాకి చూశాను), ఆ ఇరవై రెండేళ్ల టీచరు మీద నవ్వూ జాలీ కలిసి వస్తాయి. తోడు లేదని ఏడ్చిన పిల్ల, గుమ్మం దాకా వచ్చిన అంతమందిని లోపలికి రమ్మని ఒక్క మాటైనా అనలేదు.