లోడు లేకపోతే సెన్సర్ నిజం చెప్పదు

మా దీవిలోని తవువా ఊరి మెకానిక్ సన్యాసికి ఒక్కటే పిచ్చి. ఏ బండి వచ్చినా సరే, దాన్నిండా మనుషుల్ని ఎక్కించి కొండ ఎక్కిస్తే తప్ప రోగం ఒప్పుకోడు. కంప్యూటర్ తగిలిస్తాడు, తెరమీద రోగం పేరు చూస్తాడు, "హూఁ" అంటాడు. వెంటనే గేటు దగ్గరికి పోయి దారిన పోయేవాళ్ళని కేకేస్తాడు.

"అరే రంగస్వామీ, ఖాళీయేనా? ఆవో, బైఠో! లోడు లేకపోతే సెన్సర్ సచ్ బోలదు!"

పెళ్ళిలో మంత్రమైనా తప్పుతుందేమో గాని, సన్యాసి నోట ఈ మాట తప్పదు. ఆయన సొంత వ్యాను మాత్రం ఏళ్ళుగా చక్రాల్లేకుండా ఇటుకల మీద తపస్సు చేస్తోంది.

ఇక బండి రిపేరుకిచ్చినవాళ్ళ పాట్లు చెప్పతరం కాదు. మా పక్కింటి ఓం ప్రకాష్ కొత్త కారు వెనక సీట్లో మేక వెంట్రుకలు దొరికాయి. "అదీ లోడే కదా భయ్యా," అన్నాడు సన్యాసి. కుసుమ్ టీచరమ్మ తన వ్యాను కోసం వెళ్తే, అందులో కూర్చున్న ఆడవాళ్ళు దిగకపోగా మార్కెట్ దాకా దింపమన్నారు. పాపం, దింపింది.

పోయిన చెరకు సీజనులో నా కారుకీ మూడింది. చేలు కాల్చిన మసి ఊరంతా ఎగురుతోంది. కొండ కనిపిస్తే చాలు, కారు ముసలి ఎద్దులా మొరాయించేది. పెట్రోలు మాత్రం పెళ్ళిభోజనంలా లాగించేది. ఇంజనులోకి పోయే గాలిని కొలిచే సెన్సర్ తప్పు లెక్క చెబుతోందని కంప్యూటర్ తేల్చింది.

"మసి పట్టింది మాస్టర్. గాలి ఎంతొస్తుందో తెలీక ఇది ఝూట్ బోల్తాది. ఇంజను నమ్మేస్తాది."

"అయితే తుడిచి ఇచ్చెయ్."

"ఇస్తా. మంగళారం టెస్టు చేసి."

"మంగళవారమే ఎందుకయ్యా?"

"ఆ రోజు లోడు బాగుంటాది."

మంగళవారం వెళ్తే గ్యారేజీలో సన్యాసీ లేడు, నా కారూ లేదు. ఒళ్ళు మండింది. బండి లాక్కుని లౌతోకా పట్నంలో ఇంకెవరికైనా ఇచ్చేయాలనుకుని, ఓం ప్రకాష్ కారెక్కి వెతుకుతూ పోయాను. కొండమీద, బస్సు రాని ఎగువ సెటిల్మెంటు ఇళ్ళ చివర నా కారు దొరికింది. సన్యాసి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కాలికి కట్టుతో పాపమ్మవ్వ ముందు సీట్లో సర్దుకుంటోంది.

పాపమ్మవ్వది షుగరు పుండు. వారం వారం ఆస్పత్రిలో కట్టు మార్చకపోతే కాలు దక్కదని నర్సు చెప్పింది. ఆ రాళ్ళదారికి టాక్సీలు రావు. ఊరికే దింపుతామంటే ఆవిడ ఎవరి బండీ ఎక్కదు. నేనూ ఒకసారి అడిగి, మొహం మీద తలుపు వేయించుకున్నవాణ్ణే.

"మాస్టర్, నీ గాడీయా ఇది? ఫికర్ చెయ్యకు," అంది అవ్వ. "నేను లోడు కూకుంటా. నేను లేకుంటే ఈ సన్యాసికి ఒక్క గాడీ బాగయితాదా? అందుకే ప్రతి మంగళారం కామ్‌కి వస్తా. పనిలో పని, ఆస్పత్రి కాడ కట్టు మార్పించుకుంటా."

సన్యాసి నా వంక చూడలేదు. అక్కర్లేని శ్రద్ధతో టైరును తన్ని చూస్తున్నాడు. ఆ క్షణాన ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. అంతా చూస్తున్న ఓం ప్రకాష్‌ని వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపి, నా కారు వెనక సీట్లో ఎక్కాను.

"నువ్వెందుకు మాస్టర్?" అంది అవ్వ.

"లోడు," అన్నాను.

"మంచిది. దిగేటప్పుడు ఏ గాడీ అయినా ఉరుకుతాది. వాపస్ ఎక్కేటప్పుడు చెప్తా దీని సంగతి."

కట్టు మార్పించుకుని తిరిగొచ్చేటప్పుడు కారు కొండను అవలీలగా ఎక్కింది. అవ్వ చెవి ఒగ్గి ఇంజను చప్పుడు విని, "పాస్," అంది.

ఆ తర్వాతి సోమవారం నా కారు మళ్ళీ సన్యాసి గేటు ముందు ఆపాను. కంప్యూటర్ తగిలించి చూశాడు.

"ఏ రోగమూ లేదు మాస్టర్. ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్."

"తెర మాట నమ్ముతావా? లోడు లేకపోతే సెన్సర్ నిజం చెప్పదు," అన్నాను.

సన్యాసి తల గోక్కున్నాడు. లోపల నిలబెట్టి ఉన్న నిక్షేపంలాంటి కొత్త కారు వైపు చెయ్యి చూపించాడు.

"పై వారం తీసుకురా మాస్టర్. ఈ మంగళారానికి ఓం ప్రకాష్ గాడీ బీమార్."