చెట్టెక్కిన తీతువు గుడ్లు

"ఇక్కడ పక్షులు ఎక్కడ చూడొచ్చు సిస్టర్?" అని ఎవరైనా అడిగితే ఈమధ్య నాకు ఒళ్లు మండుతోంది. నిజానికి అడిగినవాళ్ల తప్పేమీ లేదు. ఏళ్ల తరబడి నేనే వాళ్ల వెంటపడి, ఆదివారం పూట నిద్రలు చెడగొట్టి, తీసుకెళ్లి చూపించాను. అయినా ఆ ప్రశ్న వినగానే ముందు కోపం వస్తుంది, తర్వాతే జవాబు వస్తుంది.

నేను నర్సుని. గోదావరి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి లింగంపల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌లో కిరాయికి ఉంటున్నాను. హైటెక్ సిటీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పని. అందుకే అపార్ట్‌మెంట్‌లో చిన్నా పెద్దా అందరికీ నేను సిస్టర్‌నే. ఆదివారం పొద్దున్నే మెడలో బైనాక్యులర్ వేసుకుని బయల్దేరి, పిట్టల్ని చూసుకుని, అటునుంచి అటే రెండో ఆరాధనకు చర్చికి వెళ్లడం నా అలవాటు. చెప్పులకు మట్టి ఉందని పాస్టరమ్మ చాలాసార్లు నవ్వింది.

చూడాలనుకునేవాళ్లకు ఈ ఊళ్లో కరువేం లేదు. రాయదుర్గంలో మెట్రో దిగి అద్దాల మేడల్ని కాసేపు వదిలేసి, వాటి సందుల్లో ఇంకా పగలగొట్టకుండా మిగిలిన బండల్ని చూడండి. పొద్దు గూకే వేళకు కొమ్ముల గుడ్లగూబ ఒకటి బండ అంచున కూర్చుని కింద క్యాబుల కోసం నిలబడ్డ జనాన్ని తీరిగ్గా చూస్తుంటుంది. ఆ జనంలో తలెత్తి చూసేవాళ్లను నేనింతవరకూ చూడలేదు. గచ్చిబౌలి వైపు విశ్వవిద్యాలయం పొదల్లో నెమళ్లున్నాయి, ఎండకాగే ఉడుములున్నాయి. శంకర్‌పల్లి దారిలో కరెంటు తీగల మీద పాలపిట్ట కనిపిస్తుంది, గడ్డిలో కంజుపిట్టలు కాలి కిందనుంచే బుర్రున లేస్తాయి. ఓపికుంటే వికారాబాద్ గుట్టల దాకా పోండి, అక్కడ రిబ్బన్ లాంటి తెల్లతోకను ఈడ్చుకుంటూ కొమ్మ మీంచి కొమ్మకు ఎగిరే పిట్ట ఉంది. అంత దూరం పోలేనంటే బాలానగర్ చాలు. కార్ఖానాల రేకుల మీద గద్దలు ఇనుపతీగ ముక్కలు ఏరుకుని గూటికి మోసుకుపోతుంటాయి.

చెరువుకు పోతే మాత్రం బెంచీలున్న వైపు కాదు, జమ్ము పెరిగిన వైపు నిలబడాలి. బుడుబుంగలు, నీటికోళ్లు, చలికాలం వచ్చే బాతులు అన్నీ ఆ జమ్ము చాటునే ఉంటాయి. మనవాళ్లకు ఆ జమ్మే కంపు. సుందరీకరణ అనే మాట వింటే నాకు బీపీ పెరుగుతుంది. జమ్మంతా పీకేసి, చుట్టూ టైల్స్ పరిచి, రంగు దీపాలు పెట్టి, చివరికి ఒడ్డున సిమెంటు కొంగను నిలబెడతారు. బతికున్న కొంగను వెళ్లగొట్టి సిమెంటు కొంగ పక్కన సెల్ఫీలు దిగే జనం మధ్య బతుకుతున్నాం.

ఇక ఏ చోటికీ వెళ్లకుండా చూడగలిగేది తీతువును. గులకరాళ్లున్న ఖాళీ జాగా ఉంటే చాలు దానికి. పసుప్పచ్చ పొడుగు కాళ్లు, ముక్కు దగ్గర ఎర్రటి తోలు, ఎవరు దగ్గరికొచ్చినా ఊరంతా వినేలా అరుపు. గూడు కట్టదు. నేల మీద చిన్న పల్లంలో నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా అచ్చం మచ్చల రాళ్లే, తొక్కేదాకా తెలియవు. మా అపార్ట్‌మెంట్ పక్క ప్లాటులో కట్టడం ఆగిపోయి కంకర కుప్పలు మిగిలాయి. వేసవి మొదట్లో ఒక జంట అక్కడే గుడ్లు పెట్టింది.

నేనెవరికీ చెప్పలేదు. ఆ తీతువే చెప్పుకుంది పాపం. ఒక ఆదివారం అపార్ట్‌మెంట్‌లోని కొందరిని వెంటేసుకుని ఆ ప్లాటు అంచు నుంచి వెళ్తుంటే, అరుస్తూ వచ్చి మా సెక్రటరీగారి తలమీదుగా దూసుకుపోయింది. సెక్రటరీగారు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, వరంగల్ వైపు మనిషి. మంచివాడనే అంటారు అందరూ, నేనూ అనేదాన్ని.

"గింత కోపమేంది సిస్టర్ దీనికి?" అని నవ్వాడు.

"గుడ్లున్నాయండీ. ఇటు రాకండి, అంతే. మనం దూరంగా ఉంటే దాని పని అది చూసుకుంటుంది," అన్నాను.

అందరూ తలలూపారు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు తలూపితే విన్నట్టే అనుకోవడం నా అమాయకత్వం.

అసలు చిక్కు సెక్రటరీగారి తల్లితో వచ్చింది. ఆమె ఆ ప్లాటు వైపు బాల్కనీ ఉన్న గదిలోనే ఉంటుంది. ఆ రోజుల్లో ఆమె తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు. తీతువు కూస్తే చావు కబురు వస్తుందని ఆమె చిన్నప్పటినుంచీ విన్న మాట. నేనూ మా వైపు విన్నదే. లిఫ్టు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఏం పిట్టనో ఏమో బిడ్డా, అది అరిచినప్పుడల్ల నా పాణం గుంజుతున్నది. జర ఎల్లగొట్టిపియ్యరాదు?"

"అది దాని పిల్లల కోసం అరుస్తుందమ్మా. మీ తమ్ముడి సంగతి దానికేం తెలుసు?" అన్నాను. పెద్దామె మెత్తబడలేదు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ఆసుపత్రిలో మనిషి ఉన్నప్పుడు గోడమీది బల్లి కూడా ఏదో చెబుతున్నట్టే ఉంటుంది. నా కోపం ఆమె మీద కాదు.

ఏప్రిల్ చివర్లో ఒక రోజు మధ్యాహ్నం, వార్డులో అన్నం డబ్బా తెరిచి ఫోన్ చూస్తే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటో. ఆన్‌లైన్‌లో కొన్న ప్లైవుడ్ గూడు, పైన ఎర్ర రంగు రేకు కప్పు, లోపల దూది పరుపు. పరుపు మీద నాలుగు తీతువు గుడ్లు. కింద సెక్రటరీగారి మాటలు: "కుక్కల భయం లేకుండా గుడ్లను మన అపార్ట్‌మెంట్ పార్కులో చెట్టు మీదికి సేఫ్‌గా షిఫ్ట్ చేశాం. అమ్మకు నిద్ర, పిట్టకు ఇల్లు. విన్-విన్." దాని కింద వరసగా చప్పట్లు, దండాలు, పువ్వులు.

డబ్బా మూసేశాను. వెంటనే ఫోన్ చేశాను.

"మీటింగ్‌ల ఉన్న సిస్టర్. ఫికర్ చెయ్యకండి, పెట్టెకు గాలి రంధ్రాలు గూడ ఉన్నయి."

"తీతువు చెట్టెక్కదండీ! దాని కాలికి కొమ్మను పట్టుకునే వేలే లేదు. ముందు ఆ గుడ్లు దింపించండి."

"అవునా? మరి అన్ని పిట్టలు చెట్టు మీదనే గద ఉండేది? ఒక్కసారి నెట్‌ల చూస్త," అన్నాడు. గుడ్లు తీసేముందు చూడాల్సింది ఇప్పుడు చూస్తాడట.

పిట్ట గుడ్ల కోసం పర్మిషన్ అంటే నవ్వుతారని, ఇంట్లో బాగాలేదని చెప్పి బయటపడ్డాను. ఆ వేళలో ఎంఎంటీఎస్ రైలు ఎప్పుడొస్తుందో తెలియదు, ఆటో ఎక్కాను. ఫ్లైఓవర్ మీద ఎండలో ఇరుక్కుపోయి కూర్చున్నంతసేపూ నాకు కనిపించింది ఒకటే, ఆ రేకు కప్పు. మా వార్డులో పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కితే చాలు, అలారం మోగుతుంది, ముగ్గురం పరిగెత్తుతాం. ఆ పెట్టెకు అలారం లేదు. మండే ఎండలో తీతువు ఏం చేస్తుందో చూసినవాళ్లకు తెలుసు. నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద నిలబడుతుంది, ఆ చెమ్మతో గుడ్లు చల్లబడతాయి. మా గోడ పక్కన ట్యాంకర్లు నీళ్లు దింపే చోట ఒక చిన్న గుంట నిలుస్తుంది. ఆ జంట రోజంతా వంతులేసుకుని ఆ గుంటకూ గుడ్లకూ మధ్య తిరుగుతూనే ఉండేది.

నేను వెళ్లేసరికి రెండూ ప్లాటులో ఉన్నాయి. అరవడం కూడా మానేసి, ఖాళీ అయిన ఆ పల్లాన్నే మళ్లీ మళ్లీ చూసుకుంటూ పరిగెడుతున్నాయి. జనరేటర్ గది పక్కనున్న నిచ్చెన పార్కులోకి ఈడ్చుకెళ్లి ఆ చెట్టెక్కాను. పెట్టెలో చెయ్యి పెడితే, జ్వరం ముదిరిన పిల్ల ఒంటిని తాకినట్టు చురుక్కుమంది. నాలుగింటినీ చున్నీలో పట్టుకుని దిగి, గులకరాళ్లు పేర్చి ఉన్న ఆ పల్లంలో, మొనలు లోపలికి ఉండేలా అది పెట్టుకున్నట్టే పెట్టి, గోడచాటుకు వచ్చి నిలబడ్డాను. చాలాసేపటికి పెట్ట వచ్చింది. చుట్టూ తిరిగింది, ముక్కుతో సర్దుకుంది, రెక్కలు వదులు చేసి నిలబడి నీడపట్టింది. అప్పుడు ఏడ్చాను. సంతోషంతో కాదు.

ఆ సాయంత్రం సెక్రటరీగారి ఇంటికి వెళ్లాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేం మంచికే చేసినం గద సిస్టర్," అన్నాడు.

"మంచని మీరనుకుంటే సరిపోతుందా అండీ? మా వార్డులోని పిల్లని ఎత్తుకెళ్లి ఫ్యాను రెక్క మీద మెత్తటి పరుపేసి పడుకోబెట్టి, కుక్కలు రావు, సేఫ్ అంటే ఒప్పుకుంటారా? దూరంగా ఉండండని ఒక్క మాట చెప్పాను. ఏమీ చెయ్యకుండా ఉండటం మీకింత కష్టమా?"

గొంతు పెద్దదైంది. పక్క ఫ్లాటు తలుపు తెరుచుకుంది. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, "మళ్లీ పెట్టిన్రు గద, పిట్ట గూడ వచ్చింది గద, ఇంకేం ప్రాబ్లం?" అన్నాడు. గుడ్డు లోపల ఏముందో పైనుంచి ఎవరికి తెలుస్తుంది?

ఆయన మేనమామ గురించి మంచి కబురు తర్వాతి వారం వచ్చింది. పెద్దామె నాకోసం ఒక బొబ్బట్టు పట్టుకొచ్చింది. "పిట్ట నోరు బందైంది, మా తమ్ముడు లేచి కూసున్నడు బిడ్డా," అని నా చేతిలో పెట్టింది. నిజమే, తీతువు అరుపులు తగ్గాయి. దగ్గరికెవరూ పోవడం లేదు, నీళ్లకు తప్ప అది గుడ్ల మీంచి కదలడం లేదు. ఆ బొబ్బట్టు తినలేక, పారెయ్యలేక, చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను.

పిల్లలు రావలసిన రోజులు వచ్చాయి, దాటిపోయాయి. తీతువు పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కాసేపటికే దూది ఉండల్లా పరుగులు తీస్తాయి, దాచినా దాగవు. పరుగులు లేవు. ఒక పొద్దున గోడ మీంచి బైనాక్యులర్‌తో చూస్తే ఒక గుడ్డు చిట్లి ఉంది, దానికి చీమలు బారులు కట్టాయి. పెట్ట మిగతా మూడింటినీ కాళ్లతో ఇంకాస్త లోపలికి లాక్కుని కూర్చుంది.

మే నెలలో మదర్స్ డే ఆదివారం వచ్చింది. నేను లేచేసరికే గ్రూపులో సెక్రటరీగారు మేడ మీంచి తీసిన ఫొటో పెట్టారు. ఎండలో గుడ్ల మీద నిలబడ్డ తీతువు. "అమ్మ ప్రేమకు సాటి లేదు." మళ్లీ చప్పట్లు, దండాలు, పువ్వులు. దాని కిందే ఇంకో మాట: "సిస్టర్, ఇవాళ వాక్ స్పెషల్‌గా ఉండాలి. పక్షులు ఎక్కడ మంచిగ చూడొచ్చు?"

నోటికొచ్చిందంతా టైపు చేసి, మొత్తం చెరిపేసి, "కిందికి రండి, చూపిస్తాను" అని మాత్రం పెట్టాను.

ఏడెనిమిది మంది వచ్చారు. సెక్రటరీగారు పెద్ద కెమెరాతో వచ్చారు, తల్లిని కూడా తీసుకొచ్చారు. ఏ చెరువుకో తీసుకెళ్తానని నీళ్ల సీసాలు పట్టుకున్నారు. నేను గోడ దగ్గరే ఆగాను.

"గిక్కడనా? ఇది రోజు చూసేదే గద సిస్టర్?" అన్నాడు.

"చూశారా? ఇవాళ చూడండి."

బైనాక్యులర్ తీసి పెద్దామె కళ్లకు పట్టుకుని, చక్రం తిప్పి సరిచేశాను. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. పెట్ట లేచి ట్యాంకర్ల గుంట దగ్గరికి ఉరికింది, పొట్ట ఆనించి నీళ్లలో కూర్చుంది, ఈకల్లోంచి చుక్కలు కారుతుండగానే తిరిగొచ్చి గుడ్ల మీద వాలింది.

"అయ్యో, నీళ్లు మోసుకొచ్చి తడుపుతున్నది గదరా కొడుకా," అంది పెద్దామె. కళ్లు తియ్యకుండానే నన్నడిగింది. "గింత తిప్పల పడుతున్నది, పిల్లలెప్పుడయితయి బిడ్డా?"

"కావమ్మా. ఆ రోజు పెట్టెలోనే ఉడికిపోయాయి. దానికి తెలియదు."

సెక్రటరీగారి చేతిలో కెమెరా మెల్లగా కిందికి దిగింది. పెద్దామె బైనాక్యులర్ నా చేతిలో పెట్టి కొడుకు వైపు చూసింది. ఆయన నేల వైపు చూశాడు.

కంకర మీద తీతువు మళ్లీ లేచి నీళ్లకు పోయింది.