ముద్ర లేని మాంసం

మా అన్నయ్య స్కూటర్ డిక్కీలో ఎప్పుడూ ఒక ఫినాయిల్ సీసా ఉండేది. అన్నయ్య ఒక మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఆ పట్నం పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు, చెప్పకపోయినా జరిగింది మారదు. ఆదివారం పొద్దున్నే మాంసం కొట్లు తిరిగి, వేలాడదీసిన తొడల మీద కబేళా డాక్టరు వేసిన నీలం ముద్ర ఉందో లేదో చూడటం అతని పనుల్లో ఒకటి. ముద్ర లేకపోతే ఆ మాంసం మీద ఫినాయిల్ పోసెయ్యాలి. పోశాక దాన్ని కుక్క కూడా ముట్టదు. మా అమ్మ బతికున్న రోజుల్లో పచ్చడి జాడీ కూడా ఆ డిక్కీలో పెట్టనిచ్చేది కాదు. "ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని పోరా. అందులో పెట్టావంటే గోంగూర కూడా ఆసుపత్రి వాసనేస్తుంది" అనేది.

నేను అప్పుడు తాడేపల్లిగూడెంలో టీచర్ని. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడల్లా అన్నయ్యని ఆటపట్టించేదాన్ని. గొర్రెలకి కూడా ఫిట్‌నెస్ సర్టిఫికెట్టా అని నవ్వితే అతను నవ్వేవాడు కాదు. "నవ్వకు. వేట కబేళాలోకి తన కాళ్ళ మీద తను నడిచి రావాలి. కోసేముందు డాక్టరు చూడాలి. కోశాక కార్జం చీల్చి మళ్ళీ చూడాలి. అప్పుడే ముద్ర" అని నాకే పాఠం చెప్పేవాడు. మా వైపు మేకనైనా గొర్రెనైనా కూరకోసం కోస్తే వేట అనే అంటాం.

మా ఊరు పెదపాడు దాటి కొల్లేటి వైపు ఉంటుంది. నాన్నగారు ఆ ఊళ్ళోనే బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో వేట కోసే ఆయన కూడా నాన్నగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడే. ఆదివారం తెల్లవారగానే ఇంటి దగ్గరే కోసి, సగం ఊళ్ళో అమ్ముకుని, మిగతా సగం అన్నయ్య పనిచేసే పట్నానికి పట్టుకెళ్ళి మార్కెట్టు చివర గోనెపట్టా పరుచుకుని అమ్మేవాడు. ముద్రా లేదు, గిద్రా లేదు. ఒక ఆదివారం అన్నయ్య కంట పడ్డాడు. "మనూరేనండి, మేస్టారి శిష్యుణ్ణండి" అని దణ్ణం పెట్టాడట. అన్నయ్య సీసా మూత తీశాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో రేగిన గొడవ అంతా ఇంతా కాదు. నాన్నగారు గొంతు పెంచడం నేను అప్పుడే విన్నాను.

"మనూరివాడి నోటికాడ కూడు తీసేశావు కదరా!"

"రూలండి నాన్నగారూ."

"ఏం రూలు? వాడు కోసిన మాంసం తినే కదరా ఇంతవాడివయ్యావు? అప్పుడు ఏ డాక్టరు చూశాడు?"

ఇద్దరి మధ్యా అమ్మ రాయబారం నడిపి, ఒకే మంచం మీద కూర్చోబెట్టి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. ఆ ఎండాకాలమే అమ్మ పోయింది. తర్వాత రాయబారం నడిపేవాళ్ళు లేరు.

ఏడాది తిరిగింది. అమ్మ మొదటి జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. అమ్మ క్రిస్మస్‌కి మా వీధి మొత్తానికీ వేటమాంసం వండి పెట్టేది. చెయ్యి కాస్త కారం, మనసు ధారాళం. నాన్నగారికి ఆ పూట కావలసింది ఒక్కటే. అమ్మ పేరు చెప్పి వచ్చినవాళ్ళందరూ అమ్మ పెట్టినట్టే వేటమాంసంతో కడుపునిండా తిని వెళ్ళాలి. ఆ మాట ఆ నెలంతా ఫోన్‌లో చెబుతూనే ఉన్నారు, నేను కాదన్నట్టు.

మా వైపు ఇలాంటి భోజనాలకి కొట్లో మాంసం తెస్తే నామోషీ. పోతుల్ని ముందే బేరం చేసి, పెరట్లో కట్టేసి, మనిషిని పిలిపించి ఇంటి దగ్గరే కోయించాలి. వచ్చినవాళ్ళు ఆ పోతుల్ని చూసి, ఒడుపుగా వీపు మీద తట్టి, బాగున్నాయనాలి. అది మర్యాద. నాన్నగారు రెండు గొర్రెపోతుల్ని కొన్నారు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేయించిన తర్వాతి ఎండాకాలం అది. నీళ్ళు తీసిన చోటల్లా నేల తిరగబడి ఉండేది, అక్కడక్కడా గడ్డి మొలిచింది. మందలన్నీ అందులోనే మేసేవి. ఈ పోతులూ అక్కడివే. కోయడానికి ఎవర్ని పిలిచారో చెప్పాలా? అన్నయ్య ఎవరి మాంసం మీద ఫినాయిల్ పోశాడో ఆయన్నే. నాన్నగారు పంతం పట్టారంటే పట్టారే.

కూడిక నాటి పొద్దున నేను పెరటి వసారాలో వెల్లుల్లి వలుస్తున్నాను. ఒక పోతు లేవలేదు. ముందురోజు బాగానే మేత మేసిందట. ఇప్పుడు పక్కకి ఒరిగిపోయి ఎగశ్వాస పీలుస్తోంది. వేట కోసే ఆయన వంగి చూసి, "ఇది ఆగేట్టు లేదండి మేస్టారూ" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది మా ఊళ్ళో ఎవరింట్లోనైనా జరిగేదే. కళ్ళు తేలేశాక కోస్తే అది చచ్చిన గొర్రె, దాన్ని ఎవరూ ముట్టరు. కళ్ళు కదులుతుండగా కత్తి పడితే మాత్రం అది వేట. ఆ కాస్త తేడా కోసం పెద్దపెద్దవాళ్ళు కూడా పంచెలు ఎగ్గట్టి పరుగులు పెడతారు. నాన్నగారు పరుగు పెట్టారు. "కానీయవయ్యా, ఊపిరి ఉంది కదా, కానీయ్!" అన్నారు. ఆయన కానిచ్చాడు. రెండో పోతుని కూడా వెంటనే కోసేశారు. అరిటాకుల మీద రెండు పోతుల మాంసం ఒకే కుప్పగా పడింది.

అన్నయ్య స్కూటర్ వచ్చేసరికి పొయ్యిలు వెలిగించారు. అన్నయ్య చెప్పులు విప్పకుండానే పెరట్లోకి వచ్చాడు. వేప మొదట్లో పారిన రక్తం చూశాడు. ఒకచోట ఎర్రగా గడ్డకట్టింది. పక్కన మాత్రం తారులాగా నల్లగా, గడ్డకట్టకుండా అలాగే ఉంది. అతని ముఖం మారిపోయింది.

"ఇది నిలబడి ఉండగా కోశారా, పడిపోయాక కోశారా?"

నాన్నగారు తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు. చివరికి వేట కోసే ఆయనే అన్నాడు: "ఒకటి పడిపోయిందండి ఇన్‌స్పెక్టరుగారూ. ఊపిరుందండి మరి. అబద్ధమెందుకండి."

"మాంసం వేరుగా పెట్టారా?"

"లేదండి. కలిసిపోయిందండి."

అన్నయ్య నాన్నగారి దగ్గరికి వెళ్ళి చాలా మెల్లగా చెప్పాడు. "ఇది దొమ్మరోగం కావచ్చండి, మనుషులకీ అంటుకుంటుంది. కాకపోతే మంచిదే. కానీ దీన్ని జనానికి పెట్టొద్దండి. పూడ్పించేద్దాం. పప్పూ చారూ పెడదాం. అమ్మ ఏమీ అనుకోదండి."

అమ్మ మాట ఎత్తకుండా ఉండాల్సింది. నాన్నగారు ఒక్కసారిగా లేచారు. "ఇది నీ మున్సిపాలిటీ కాదురా! ఇది నా పెరడు. ఇక్కడ నీ ముద్రలూ నీ రూళ్ళూ చెల్లవు!"

ఆ మాట నిజం కూడా. అన్నయ్య అధికారం పట్నం పొలిమేర దగ్గర ఆగిపోతుంది. ఆ గీత ఇవతల గొర్రెకి ముద్రా అక్కర్లేదు, మనిషికి భయమూ అక్కర్లేదు. మా ఊళ్ళో వేటని చూడటానికి ఏ డాక్టరూ ఏనాడూ రాలేదు. అన్నయ్య బయటికి వెళ్ళాడు. డిక్కీ తెరిచిన చప్పుడు నాకు వినపడింది. అన్నయ్య సంగతి నాకు తెలుసు.

ఆ సీసా మొత్తం పోశాడు. అమ్మ కూడిక కోసం వలిచిన వెల్లుల్లి వాసనని ఫినాయిల్ మింగేసింది. ఎవరూ అడ్డుపడలేదు. నాన్నగారు కూడా అడ్డుపడలేదు, అలా చూస్తూ నిలబడ్డారంతే. నాకు అన్నయ్య మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అతను చేసింది సరైన పనే అని తెలిసి కూడా వచ్చింది.

గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చారు. పాస్టరుగారు వాక్యం చెప్పారు. వచ్చినవాళ్ళు ముద్దపప్పు, ఆవకాయ, సాంబారు తిన్నారు. "పోన్లెండి, ఎండాకాలం కదండి, పప్పే మేలండి" అని నా ముఖం మీదే అని, వీధి మలుపు తిరిగాక నవ్వుకున్నారు. నాన్నగారు విస్తరి ముందు కూర్చోలేదు. ఆ రోజు నుంచి ఆయన మాంసం మానేశారు. అన్నయ్యతో మాట కూడా మానేశారు.

కొన్నాళ్ళకి వేట కోసే ఆయన చేతి మీద పొక్కు లేచింది. పగిలి, మధ్యలో నల్లటి పెచ్చు కట్టింది. "నొప్పి లేదండి, అందుకే పట్టించుకోలేదండి" అన్నాడు తర్వాత. అది తెలిసిన గంటలో అన్నయ్య వచ్చి, ఆయన్ని స్కూటర్ మీద ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు చూస్తూనే ఇంజక్షన్లు మొదలుపెట్టాడు. చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. మనిషి దక్కాడు. నేను చూడటానికి వెళ్ళినప్పుడు ఆయన మంచం మీంచి లేవబోతూ, "కిందటిసారి మీ అన్నగారు నా కూడు పారబోశారండి. ఈసారి మాత్రం నన్ను మోసుకొచ్చారండి" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

నాన్నగారూ ఆసుపత్రికి వెళ్ళారు. ఆ నల్లటి పెచ్చు కేసి చాలాసేపు చూశారని వేట కోసే ఆయన భార్య చెప్పింది.

ఆ తర్వాత పశువుల డాక్టరు ఊళ్ళోకి వచ్చాడు. మర్యాదస్తుడే. మందలన్నిటికీ టీకాలు వేయించాడు. కానీ అది దొమ్మే అని అన్నయ్య రాయమంటే తల అడ్డంగా ఊపాడు. "ల్యాబ్‌కి ఏం పంపమంటారండి? ఉన్నదాని మీద ఫినాయిల్ పోసి సున్నంలో పూడ్చేశారు కదండి" అన్నాడు. కాబట్టి సర్కారు లెక్కలో ఆ ఏడు మా ఊళ్ళో ఏ జబ్బూ రాలేదు. నాన్నగారికి అదొక ఆసరా దొరికింది. "జబ్బని రుజువేదీ?" అని నాతో అనేవారు. అన్నయ్యతో అనడానికి మాటల్లేవు కదా. వాళ్ళిద్దరి మధ్యా "నాన్నగారు మందులు వేసుకున్నారా కనుక్కో", "వాడు బయల్దేరాడా కనుక్కో" అంటూ ఆ ఏడాదంతా నేను తపాలా బంట్రోతునయ్యాను. విసుగొచ్చి ఇద్దర్నీ తిట్టిన రోజులున్నాయి.

రెండో ఏడాది కూడిక ఇంట్లోవాళ్ళం మాత్రమే అనుకున్నాం. నేను, అన్నయ్య ఏలూరు బస్టాండులో కలుసుకున్నాం. స్కూటర్ ఎక్కేముందు చూస్తే డిక్కీలో సీసా లేదు. అడిగాను. అన్నయ్య టీ తాగుతూ చెప్పాడు. కబేళా డాక్టరు బదిలీ అయి వెళ్ళిపోయాడట. క్రిస్మస్ నుంచి ఆ కుర్చీ ఖాళీ. ముద్ర, సిరా డబ్బా కబేళా కిటికీలో ఉంటాయి. కొట్లవాళ్ళే వచ్చి ఎవరికి కావలసినంత వాళ్ళు కొట్టుకుపోతారు. అన్నయ్య పైవాళ్ళకి చెప్పి చూశాడు. "ముద్ర ఉందా లేదా చూడటమే మీ పనండి. అది ఎవరు వేశారన్నది మీకెందుకండి" అన్నారట.

"ఇప్పుడు ముద్ర లేని తొడే కనపడదు. ఇంక ఫినాయిలెందుకు?" అన్నాడు అన్నయ్య. అతను అంత అలసిపోయి కనిపించడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి వెళ్ళేసరికి నాన్నగారు చావిట్లో బల్ల ముందు నిలబడి ఉన్నారు. ఉతికిన చొక్కా, దువ్విన తల. బల్ల మీద అరిటాకులో తొడ మాంసం. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి అన్నయ్య పనిచేసే పట్నానికి తానే వెళ్ళి, కొట్టు ముందు నిలబడి ఏరి తెచ్చారట. మా నాన్నగారు కొట్లో మాంసం తేవడమా! నేను ఇంకా తేరుకోకముందే ఆయన ఏడాది తర్వాత మొదటిసారి అన్నయ్యని పేరు పెట్టి పిలిచారు.

"ఇలా రా. చూడు. ముద్ర ఉందా లేదా?"

నీలం ముద్ర గుండ్రంగా, చక్కగా పడి ఉంది. అన్నయ్య దాన్ని వంగి చూశాడు. నేను వెనకనుంచి అతని మెడ నరాలు చూస్తున్నాను. చెప్పేస్తాడనే అనుకున్నాను. చెప్పకూడదని కూడా మనసులో ప్రార్థన చేసుకున్నాను.

"ఉందండి నాన్నగారూ. శుభ్రంగా ఉంది."

"మరి? రూలంటే రూలే" అన్నారు నాన్నగారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ చెయ్యి చూశాకే నాకు బుద్ధొచ్చిందిరా. అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు."

కూర నేనే వండాను. అమ్మ వేసినంత కారం వేశాను. ముగ్గురం కింద కూర్చున్నాం. నాన్నగారు గిన్నె తన దగ్గరికి లాక్కుని, ముందు అన్నయ్యకి వడ్డించారు, తర్వాత నాకు, ఆఖర్న తనకి. ఏడాది తర్వాత మాంసం ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, అమ్మ చేతి రుచే వచ్చిందన్నారు. నేనూ తిన్నాను. అన్నయ్య వంచిన తల ఎత్తకుండా విస్తట్లో ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాడు.

నాన్నగారు చాలా సంతోషంగా ఉన్నారు. "వచ్చే ఏడు ఊరందరినీ పిలుద్దాంరా. ఇంటి దగ్గర కోయించడాలు వద్దు. అంతా మీ పట్నం నుంచే తెద్దాం, ముద్ర వేయించి. ఏమంటావు?"

అన్నయ్య నా వైపు చూడలేదు.

"అలాగేనండి నాన్నగారూ" అన్నాడు.