తెరిచిన నోళ్లు

“ఊపిరాడక అంటాడమ్మా ఆ చేపల కొట్టతను! చేప నోరు తెరిచిందంటే ఆకలి కాదూ?” అంటూ పక్కింటి వంటక్క తన పెరట్లోని చేపల కొలను గట్టున నా పక్కనే చతికిలబడింది. ముప్పై ఏళ్లు హాస్టల్లో వండి పెట్టిన మనిషి, ఎవరు ఎదురైనా ముందు “తిన్నావా?” అనే అడుగుతుంది. చేపలు పైకి తేలి నోరు తెరిచినప్పుడల్లా గుప్పెడు మేత వేసేది. తినగా మిగిలింది అడుగున కుళ్లి నీళ్లు పచ్చబడ్డాయి, నిన్నటికి మూడు చేపలు పోయాయి. కొట్టతను వచ్చి కొంత నీరు మార్చి, “కుళ్లిన మేతే వాటి గాలి తినేస్తోందక్కా. వారం దాకా ఒక్క గింజ వేయకు” అని చెప్పి వెళ్లాడు. ఆమె నీడ పడగానే మిగిలిన నాలుగూ గట్టుకు చేరి నోళ్లు తెరిచాయి. ఆమె చెయ్యి దానంతటదే మేత డబ్బాలోకి వెళ్లింది. ఉలిక్కిపడి వెనక్కి తీసుకుని, ఏమీ అంటకపోయినా కొంగుకు తుడుచుకుంది. “హాస్టల్లో నా వంట తిని ఒక్క పిల్లకి కడుపునొప్పి రాలేదు తెలుసా?” అంది, నా వైపు చూడకుండా. డబ్బా మూత గట్టిగా బిగించి నా ఒళ్లో పెట్టింది. “మీ ఇంట్లో దాచు తల్లీ. రేపు నేనే వచ్చి బతిమాలినా ఇవ్వకు. వెళ్లు, తొందరగా వెళ్లు.”