కంటి కొలత

భర్త పోయాక ఆయన స్పోర్ట్స్ కారు తాళం ఆవిడ చేతిలోకి తీసుకోవడం అదే మొదలు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆవిడది. ఆరోజు సెలవు. పలకరించే దిక్కులేని ఇంట్లో, హాలు గోడకి ఆనించి కారు చక్రాలకి వేసే నాలుగు నల్లటి కొత్త రిమ్ములు. ఆయన ముచ్చటపడి తెప్పించుకున్నవి. బిగించుకునే యోగం లేకపోయింది. మరిది ఫోన్ చేసినప్పుడల్లా "కారూ అవీ కలిపి అమ్మేయండి వదినా" అంటాడు. అమ్మేలోపు ఆయన ముచ్చట తీర్చాలనిపించింది ఆవిడకి.

ఒక రిమ్మును పక్క సీట్లో పెట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పట్టుకుని, చక్రాల షాపు దాకా నడుపుకుంటూ వెళ్ళింది.

మేస్త్రి కారును జాకీ మీద లేపి, ముందు చక్రం విప్పి, కొత్త రిమ్ము పెట్టి చూశాడు. బోల్టుల రంధ్రాలు అతికినట్టు కలిశాయి. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అతను చేత్తో తిప్పాడు. కర్రుమంది.

"లోపల బ్రేకు దిమ్మకి తగులుతోందమ్మా."

"ఏం చెయ్యలేమా?"

"మధ్యలో బిళ్ళ వేసి బయటికి జరపొచ్చు. అప్పుడు టైరు మడ్గార్డుకి రాసుకుంటుంది. కొనేముందు కొలవలేదా?"

ఆవిడకి నవ్వు ఆగలేదు. అవి ఇంటికొచ్చిన రోజు ఇదే గొడవ. కొలిచారా అంటే, "నా కంటి కొలతకి తిరుగులేదు" అన్నాడాయన. "ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు బిగించేదాన్ని, నా దగ్గరా మీ కంటి గొప్పలు?" అంది తను. ఆపూట ఇద్దరికీ మాటల్లేవు.

"చూశారా, నేను చెప్పలేదూ!" అంటూ గెలిచినదానిలా పక్కకి తిరిగింది. పక్కన గాలి కొట్టే మిషను తప్ప ఎవరూ లేరు.

మేస్త్రి తలదించుకుని చేతులు తుడుచుకున్నాడు.

"మంచినీళ్ళు తెమ్మంటారా అమ్మా?"

"వద్దు బాబూ. ఇంకొక్కసారి పెట్టి చూడు."

పట్టదని తెలిసీ అతను కాదనలేదు. తీసి, మట్టి తుడిచి, మళ్ళీ పెట్టి, మెల్లగా తిప్పాడు. కర్రుమంది.

"పాతదే బిగించెయ్," అంది.

తిరుగుదారిలో ఇంటి మలుపు వచ్చింది. ఆవిడ తిప్పలేదు. ఊరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. కాలు కాస్త నొక్కితే కారు ఒక్క ఉదుటున దూకింది. "మెల్లగా, మెల్లగా" అని ఎవరైనా కసురుకుంటే బావుండనిపించింది. ఇన్నేళ్ళూ పక్క సీట్లోంచి ఆయనతో ఆ మాట అనేది తనే.

పెట్రోలు ముల్లు అడుగుకి దిగేదాకా అలాగే పోనిచ్చింది.